మెట్లమీద పియానో: ఒక హాస్యచిత్రము, మన పిల్లల మాటలు

మన వార్షిక సంచికలో తెలుగు బోధనను గూర్చి ఒక పాఠవ్యాసము ఉండుట ఆచారముగా వచ్చుచున్నది. పద్యమునో, సామెతలనో, లేఖారచననో విషయముగా గైకొనుట వాడుక. ఈ మారు మేము తొంబది యేండ్లకు మించిన ప్రాయముగల ఒక అమెరికా హాస్యచిత్రమును గైకొనుచున్నాము. తెలుగు పాఠమునకు ఆంగ్లచిత్రమేల యని తల్లిదండ్రులు అడుగుట న్యాయమే. ఆ చిత్రమున మాటలు తక్కువ, పనులు ఎక్కువ. కంటికి కనబడు పనికి మాట కూర్చుట ఇంటనే, పుస్తకము లేకుండ, రుసుము లేకుండ చేయదగిన భాషాభ్యాసము. మన పిల్లలకు నేడు మిక్కిలి కొఱతపడుచున్నదియు అదియే. పద్యములు వారికి వచ్చును. ఎదుట జరుగుచున్న పనిని తెలుగున చెప్పుమన్న నాలుక తడబడును.

చిత్రము పేరు ‘ది మ్యూజిక్ బాక్స్’. తెలుగున ‘సంగీతపు పెట్టె’ యనవచ్చును. 1932వ సంవత్సరమున విడుదలయ్యెను. నిర్మాత హాల్ రోచ్, దర్శకుడు జేమ్స్ పారట్. మూడు రీళ్ళ నలుపు తెలుపు చిత్రము; అరగంటలోపున ముగియును. లఘు హాస్యచిత్రములకు అమెరికా చలనచిత్ర అకాడమీ ప్రత్యేకముగా బహుమతి నీయ మొదలిడిన తొలియేట ఆ బహుమతి దీనికే లభించెను. 1997లో ఆ దేశము శాశ్వతముగా భద్రపఱుపదలచిన చిత్రముల జాబితాలో దీనిని చేర్చిరి. ముఖ్యపాత్రధారులు స్టాన్ లారెల్, ఆలివర్ హార్డీ. బక్కవాడు లారెల్, బొద్దువాడు హార్డీ యని గుర్తుంచుకొనిన చాలును.

లారెల్ అసలుపేరు ఆర్థర్ స్టాన్లీ జెఫర్సన్. 1890 జూన్ 16న ఇంగ్లండున అల్వర్‌స్టన్ అను ఊర జన్మించెను. నాటకశాలలు నడిపిన తండ్రికి కుమారుడు. ఫ్రెడ్ కార్నో నాటకసమాజముతో 1910లో అమెరికాకు పోయెను. ఆ సమాజమున చార్లీ చాప్లిన్ సహనటుడు. హార్డీ 1892 జనవరి 18న అమెరికాలో జార్జియా రాష్ట్రమందలి హార్లెమ్ అను చిన్న ఊర పుట్టెను. పెట్టిన పేరు నార్వెల్. తన శైశవముననే గతించిన తండ్రి పేరైన ఆలివర్‌ను తరువాత తాను ధరించెను. ఇరువురును 1927నుండి జంటగా ప్రసిద్ధికెక్కిరి. తెరపై ఏమియు తెలియని అమాయకుడుగా కనబడు లారెల్, తెరవెనుక హాస్యసన్నివేశములను కల్పించుటలోను, చిత్రపు కూర్పులోను రాత్రింబవళ్ళు శ్రమించెడివాడు. తెరపై సర్వము తానే యెఱుగుదునను హార్డీ, తన నటన ముగియగనే గోల్ఫ్ ఆటకు పోయెడివాడు. 1957 ఆగస్టు 7న హార్డీ మరణించిన పిమ్మట లారెల్ మఱల నటింపలేదు. 1961లో అకాడమీవారు లారెల్‌కు గౌరవ పురస్కార మిచ్చిరి. 1965 ఫిబ్రవరి 23న ఆయనయు గతించెను.

ఇక కథ. ఒక గృహిణి భర్త పుట్టినరోజు కానుకగా, తనంత తానే వాయించుకొను పియానోను కొని, ఇంటికి చేర్పుమని దుకాణమున చిరునామా ఇచ్చి పోవును. దానిని చేరవేయు పని మన ఇరువురిది. వారికొక గుఱ్ఱపుబండి కలదు. బండిమీద సంస్థ పేరుతోపాటు ‘1931లో స్థాపితము’ అని యుండవలసినచోట, ఆంగ్లపదము తోక కొంచెము పెరిగి, ‘1931లో మునిగినది’ అను అర్థము వచ్చునట్లు వ్రాయబడియున్నది. తెలుగున ‘స్థాపితము’ అని వ్రాయబోయి ‘శాపితము’ అని వ్రాసినట్లు. దారిలో పోస్టుమానును ఇల్లెక్కడ అని యడుగుదురు. అతడు చేయి పైకి చూపును. అచట మెట్లు. ఎంత తల యెత్తినను ముగియని మెట్లు.

ఈ మెట్లు చిత్రముకొఱకు కట్టినవి కావు. లాస్ ఏంజిలిస్ నగరమున సిల్వర్ లేక్ పేటలో వెండోమ్ వీథినుండి పైకి పోవు 133 మెట్లు అవి. నేటికిని ఉన్నవి, చిత్రముపేరే వానికి పేరైనది. 1927లోనే ఈ ఇరువురు ‘హ్యాట్స్ ఆఫ్’ అను మూకచిత్రమున అవే మెట్లపైకి బట్టలుతుకు యంత్రమును మోసిరి. ఆ చిత్రపు ప్రతి నేటికిని దొరకలేదు. మెట్లు మిగిలినవి, చిత్రము పోయినది.

పియానోను బండినుండి దింపుటతోనే కష్టములు మొదలగును. హార్డీ బండివెనుక వంగి బరువును వీపుమీదికి తీసికొనబోవు సమయమున గుఱ్ఱము రెండడుగులు ముందుకు వేయును. పియానో అతనిపై పడును. ఎట్లో లేచి, ఆ పెట్టెను మెట్లెక్కింప మొదలిడుదురు. కొంతదూర మెక్కగా ఒక ఆయా పసిబిడ్డ బండితో దిగి వచ్చును. ఆమెకు దారి యీయబోయి పట్టు సడలింతురు. పియానో గడగడ మ్రోగుచు వీథివఱకు దిగిపోవును. ఆమె నవ్వును. లారెల్ ఆమెను వెనుకనుండి తన్నును. ఆమె తిరిగి కొట్టును. అది చూచి నవ్విన హార్డీ తలపై పాలసీసా పగులును. ఆమె పోయి పోలీసుతో మొఱపెట్టుకొనును. అంతలో వీరు మఱల సగము మెట్లెక్కియుందురు. పోలీసు క్రిందనుండి పిలుచును. పిలుపు విని దిగవలెను. దిగినచో పియానోను విడువవలెను. విడిచినచో అదియు వెంట దిగును. ఈ న్యాయమును ఆ పెట్టె చిత్రమంతట ఒక్కమారైనను తప్పదు.

పిదప ఒక ఆచార్యుడు ఎదురుపడును. బిల్లీ గిల్బర్ట్ అను నటుడు ఈ పాత్రను ధరించెను. పేరు పలుకుటకే ఒక ఊపిరి చాలదు. పేరుచివర బిరుదాక్షరములు తోరణమువలె వ్రేలాడును. ప్రక్కగా నడచిపొండనిన అతనికి అవమానము. తానేల ప్రక్కకు తొలగవలెనని కేకలు వేయును. లారెల్ అతని పొడవుటోపీని తట్టగా అది మెట్లన్నియు దొర్లి, వీథిలో బండిక్రింద పడి నలిగిపోవును. చివరకు ఇరువురును పైకి చేరి తలుపు తట్టుదురు. అంతలో పియానో వెనుకకు జరిగి హార్డీని ఈడ్చుకొని అన్ని మెట్లును దిగిపోవును. మఱల మోయుదురు. మఱల పైకి వచ్చిన తరువాత ఆ పోస్టుమానే కనబడి, ప్రక్కనుండి బండిదారి యింటివఱకు వచ్చినదిగదా, ఈ మెట్లమీద మోయనేల యని యడుగును. ఇరువురును ఒకరిమొగ మొకరు చూచుకొందురు. పిమ్మట చేయు పని యేమి? పియానోను మఱల మెట్లన్నియు దింపి, బండిపై నెక్కించి, ఆ దారిన తీసికొనివత్తురు.

ఈ ఒక్క సన్నివేశమునకే మేము ఈ చిత్రమును పాఠముగా ఎన్నుకొంటిమి. ‘అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల’ అను మన సామెతకు ఇంతకంటె మంచి దృష్టాంతము మాకు తెలిసి లేదు. పోస్టుమాను చెప్పినది నిజము. వారు చేసినది ఆ నిజమునకు విధేయత. మంచి సలహాను ఆలస్యముగా విని, దానిని మిక్కిలి శ్రద్ధతో పాటించుట యెట్లుండునో చూడుడు.

తరువాతి భాగము, అనగా కప్పీ, త్రాడు, మేడకిటికీ, తోటలోని నీటిగుంట, ఒకరి టోపీ మఱియొకరి తలకు మాఱుట, ఇవి కొంచెము సాగదీసినట్లు మాకు తోచును. పిల్లలు మాత్రము ఇందుకే ఎక్కువగా నవ్వుదురు. ఎట్టకేలకు పియానో ఇంటిలో నిలుచును. మీట నొక్కగా అదే వాయించుకొనును. ఇరువురును చెత్తనూడ్చుచు, పాటకు అనుగుణముగా అడుగులు కలిపి ఆడుదురు. ఇంత బరువు మోసినవారి పాదములకు అంత లాఘవ మెట్లు వచ్చెనో! చిత్రమంతటిలో మేము మెచ్చుకొను భాగమిది. అంతలో ఇంటియజమాని వచ్చును. అతడెవరు? మెట్లపై టోపీ పోగొట్టుకొనిన ఆచార్యుడే. అతనికి పియానో లనిన సరిపడదు. గొడ్డలి తెచ్చి దానిని నఱకును. నఱకుచుండగా పియానో అమెరికా జాతీయగీతమును వాయింప మొదలిడును. గొడ్డలి చేతబట్టిన ఆచార్యుడును, తక్కిన ఇరువురును కదలక నిలువబడి వందనము చేయుదురు. గీతము ముగియగనే నఱుకుట మఱల సాగును. భార్య వచ్చి, ఇది నీ పుట్టినరోజు కానుకయని ఏడ్చును. అతడు పశ్చాత్తాపపడి రసీదుపై సంతకము చేయబోగా, కలములోని సిరా మొగముపై చిమ్మును. ఇరువురును పరుగు తీయుదురు.

నవ్వుటకు కారణము వెదకుట నవ్వును చంపుటయే యని కొందఱందురు. పెద్దలకైనను కొంత విచారణ అవసరము. భరతముని హాస్యమునకు వికృతవేషమును, వికృతచేష్టను కారణములుగా చెప్పి, నవ్వును స్మితము, హసితము, విహసితము, ఉపహసితము, అపహసితము, అతిహసితము అని ఆఱు విధములుగా విభజించెను. పెట్టె దొర్లునపుడు పిల్లలు నవ్వునది చివరిరెండు తెగలకు చెందినది. పోస్టుమాను మాటకు పెద్దలు నవ్వునది మొదటిరెండు తెగలకు చెందినది. ఒకే చిత్రము ఒకే గదిలో అమ్మమ్మకొక నవ్వును, మనుమనికొక నవ్వును ఇచ్చుచున్నదనిన, అది కేవలము తన్నులాటల చిత్రము కాదు.

మన పరమానందయ్య శిష్యులు గుర్తునకు వత్తురు. తమిళమున పరమార్థగురువు కథలుగా మన పొరుగువారు చెప్పుకొనునదియు ఈ కుటుంబమే. అయితే భేదము కలదు. శిష్యులు గురువు మాటను అక్షరాలా పట్టుకొని చెడుదురు. లారెల్, హార్డీలు చెడుటకు మూలము తఱచుగా మర్యాద. ఆయాకు దారి యీయబోవుట మర్యాద. పోలీసు పిలుపునకు దిగుట మర్యాద. లోకము కోరిన నడతనే వారు నడచుచున్నారు. చేతిలో నున్న బరువు మాత్రము ఆ నడతకు సమ్మతింపదు. బరువు మోయువారికి మర్యాద యెంత ప్రియమగునో కూలివానికి తెలిసినట్లు ఆచార్యునకు తెలియదు. ఈ చిత్రమున బిరుదులు గలవాడు దారి యీయడు, బిరుదులు లేనివారే దారి యిత్తురు. పిల్లలకు ఈ మాటను మనము చెప్పనక్కఱలేదు, వారే కనుగొందురు.

హార్డీ ప్రతి అవమానము తరువాతను మెల్లగా తల త్రిప్పి, కెమెరావైపు, అనగా మనవైపు, చూచును. కథలోని ఇతరులు ఆ చూపును ఎఱుగరు. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క కథను నడుమ నాపి చూపరులతో ముచ్చటించు పద్ధతికి ఇది దూరపు చుట్టము. ఆ తోలుబొమ్మల కళాకారుల కుటుంబములలో పెక్కు ఇంట మరాఠీ మాండలికమును, తెరముందు తెలుగును మాటలాడునవి. పరభాషలో ఊరూర జనమును నవ్వించినవారు వారు. ఇంట నొక భాష, బయట నొక భాష గల మనము వారిని ఒకమారు తలచుకొనుట యుచితము. సన్నగా నొకడు, లావుగా నొకడు అను జంట మన తెరకును క్రొత్త కాదు. ‘మిస్సమ్మ’ (1955), ‘మాయాబజార్’ (1957) మున్నగు చిత్రములలో రేలంగి, రమణారెడ్డి గారలను చూచినవారికి వేఱుగ చెప్పనేల? అయితే వారి హాస్యము మాటవిఱుపులోను, గొంతులోను ఎక్కువగా నున్నది. తెలుగు రాని బిడ్డ దానిని సగమే ఆస్వాదించును. అందుచేత తొలిపాఠమునకు వారిని మేము ఎన్నుకొనలేదు. రెండవ పాఠమునకు వారే తగుదురు.

ఇపుడు మన పాఠమునకు ముఖ్యమైన సంగతి యొకటి. లారెల్, హార్డీలు 1929లో మాటలచిత్రములలో ప్రవేశించిరి. అప్పటికి వేఱుభాషలోనికి గొంతు మార్చు పద్ధతి కుదురుకొనలేదు. మూకచిత్రములకు లోకమంతయు ప్రేక్షకులు. మాట వచ్చుటతోనే ఆ లోకము భాషలవారీగా చీలిపోవునను భయము కలిగెను. అందుచేత 1930, 1931 ప్రాంతమున హాల్ రోచ్ సంస్థవారు వీరి చిత్రములను కొన్నింటిని ఆంగ్లమున తీయుటతో తనియక, అవే దృశ్యములను స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్, ఇటాలియన్ భాషలలో మఱల తీసిరి. ‘పార్డన్ అస్’ అను 1931నాటి చిత్రము అట్టివానిలో నొకటి. ఇరువురకును ఆ భాషలు రావు. పలుకవలసిన మాటలను వినబడునట్లుగా ఆంగ్లలిపిలో నల్లబల్లపై వ్రాసి కెమెరాకు కనబడనిచోట నిలుపగా, వారు చూచి పలికిరి. ప్రజలు ఆ వింత యాసను వలచిరి. ఇటలీలో తరువాత స్థానిక నటులు గొంతు ఇచ్చు కాలమునను, ఆ ఆంగ్లయాసను వదలలేదు. హార్డీకి చిరకాలము గొంతు ఇచ్చిన ఆల్బెర్టో సోర్డి పిమ్మట ఆ దేశమున మహానటుడయ్యెను.

ఆ నల్లబల్ల మన ఇండ్లలోను ఉన్నది. వార్షికోత్సవమునకు పద్యమప్పగించు పిల్లల చేతికాగితములను ఎవరైన చూచినచో, వానిలో కొన్ని ఆంగ్లలిపిలోను, కొన్ని తమిళ, కన్నడ, ఒడియా లిపులలోను ఉండుట కనబడును. పద్యము తప్పు పోదు. సభ కరతాళధ్వనులు చేయును. తల్లిదండ్రులు ఫొటోలు తీయుదురు. వేదిక దిగిన బిడ్డను ఆ పద్యములోని ఒక మాటకు అర్థమడిగినచో ఆమె తల్లి మొగము చూచును. లారెల్, హార్డీలకు ఆ పద్ధతి చాలును; వారికి స్పానిష్ భాష జీవనోపాధికొఱకు కావలసినది, అమ్మతో మాటలాడుటకు కాదు. మన బిడ్డకు తెలుగు దేనికొఱకు? సభలో ఒక్కదినము వినిపించుటకే యైనచో నల్లబల్ల చాలును. అమ్మమ్మ మంచమున పడినపుడు ఆమె యడిగినది తెలిసికొని తెచ్చి యిచ్చుటకైనచో చాలదు. ఇది కఠినముగా వ్రాయుచున్నామని తల్లిదండ్రులు భావింపకుందురు గాక. పద్యపఠనము మానవలెనని మా యభిప్రాయము కాదు. దానితోపాటు ఇంకొకటి కావలెనని మాత్రమే.

ఆ ఇంకొకదానికి ఈ చిత్రము తగును. విధానము సులభము. మొదట చిత్రమును ఆపకుండ అందఱును కలిసి చూడవలెను. నవ్వనీయవలెను. ఏ ప్రశ్నయు అడుగరాదు. మఱునాడు మెట్ల దృశ్యమును మాత్రము ధ్వని తీసివేసి చూపి, బిడ్డను ‘ఇపుడేమి చేయుచున్నాడు?’ అని యడుగవలెను. ఆ ప్రశ్నకు ఏకపదసమాధానము కాక, కర్తయు క్రియయు గల వాక్యము రావలెను. ఇచటనే చిక్కు బయటపడును. పిల్లలకు నామవాచకములు వచ్చును: పెట్టె, మెట్టు, గుఱ్ఱము, టోపీ. క్రియలు రావు. తమిళ, కన్నడ దేశములలో పెరుగు మన పిల్లలు ‘తళ్ళినాడు’ అందురు. ఒడియా నడుమ పెరుగువారికి ‘ఠేలిబా’ మొదట నోటికి వచ్చును. ఇది నేరము కాదు; ఇరుగుపొరుగు భాషల ఋణము గౌరవమైన ఋణమే. కాని ఆ ఒక్క మాటతోనే పనులన్నియు చెప్పవలసి వచ్చినపుడు, భాష కాదు, చూపే మొద్దుబాఱును.

ఈ మెట్లమీద ఎన్ని క్రియలున్నవో చూడుడు. క్రిందనున్న లారెల్ పియానోను నెట్టును. పైనున్న హార్డీ లాగును. నెట్టుట బరువునకు చేయి ఆనించి మెల్లగా జరుపుట. త్రోయుట ఒక్క ఊపున విడుచుట. లాగుట యన్నచోట వస్తువు నేలనంటియుండ నక్కఱలేదు, నీళ్ళచేదను సైతము లాగుదుము. ఈడ్చుటయన్న నేల నంటి రావలెను. కనుక హార్డీ పియానోను లాగెను, పియానో హార్డీని ఈడ్చెను. గుండ్రనిది దొర్లును: టోపీ దొర్లెను. నునుపైనదానిమీద జారును. ఒక ప్రక్కకు వంగినది ఒరగును. మనుష్యుడు తూలును, తొట్రుపడును, పట్టు విడుచును, పట్టు సడలించును; ఈ చివరిరెంటికిని భేదము ఆయా వచ్చు దృశ్యమున తేటతెల్లముగా కనబడును. భుజము మార్చుకొనుట, ఊపిరి తీసికొనుట, బరువు దించుకొనుట అను పలుకుబళ్ళు మన పెద్దలకు పొలముననో, రేవుననో, మగ్గమువద్దనో బ్రదుకులో వచ్చినవి. బరువు మోయని పిల్లలకు అవి చూచియే రావలెను.

ఈ జాబితాను కంఠస్థము చేయింపకుడు. చేయించితిరా, మఱల నల్లబల్లయే. దృశ్యమును ఆపి, ఒక్కొక్కచోట ఒక్కొక్క మాటను మీరే మొదట పలుకుడు. మీకును తెలియనిచోట ఇంటిలో పెద్దవారిని అడుగుడు. అవ్వయనుడు, జేజియనుడు, అమ్మమ్మ యనుడు, ఆమె చెప్పు మాట మా పైమాటలకంటె వేఱుగా నుండవచ్చును. రెండుమూడు తరములు, కొందఱికి పదితరములు, కోస్తాకును, తెలంగాణమునకును, రాయలసీమకును దూరమైన మన ఇండ్లలో, అచట మఱపున పడిన మాటలు కొన్ని నిలిచియున్నవి. పాఠ్యపుస్తకమున లేదని ఆ మాటను దిద్దకుడు. అదియు తెలుగే.

మూడవనాడు చేయవలసినది కథ చెప్పుట. చిత్రమును చూడనివారికి చెప్పించుట ముఖ్యము. చూచినవారికి చెప్పునపుడు బిడ్డ ‘అదే, అట్లయ్యెను గదా’ అని చేయి త్రిప్పును. చూడనివారు ‘అట్లనగా ఎట్లు?’ అని యడుగుదురు. ఆ ప్రశ్నయే గురువు. ఊరిలోనున్న తాతగారికి ఫోనులో చెప్పించిన మఱియు మంచిది. అచట చేతులు త్రిప్పినను కనబడవు.

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు మాటలతమాషా యొకటి కలదు. పోలీసు దండింపబోగా, నీవు నీ హద్దు మీరుచున్నావనబోయి లారెల్ పదములను తాఱుమాఱు చేయును. ఆంగ్లమున ఆ వాక్యమున మెట్టు అను మాటయు ఇమిడియుండుటచే, మెట్లమీద నిలిచి పలికినపుడు మఱింత సొగసు. దీనిని అనువదింపబోకుడు, రాదు. అట్టిది తెలుగున మీరు కల్పింపుడని పిల్లలను అడుగుడు. గోడలకు చెవులుండుననుటకు చెవులకు గోడలుండుననుట వంటివి. సామెత సరిగా తెలిసినవాడే దానిని తప్పుగా చెప్పి నవ్వింపగలడు. కాబట్టి ఈ ఆటకు ముందు సామెతలు రావలెను. పది సామెతలు వ్రాయింపుమని చెప్పిన మూతి ముడుచుకొను బాలుడు, పది సామెతలను చెడగొట్టుమనిన తాతను వెంటబడి అడుగును.

చిత్రమున తన్నులు, పోలీసు కఱ్ఱదెబ్బలు ఉన్నవే, ఒక స్త్రీని తన్నుట నవ్వుగా చూపబడినదే, ఇది పిల్లలకు తగునా యని సందేహింపవచ్చును. సందేహము సరియైనదే. 1932నాటి అమెరికాలో నవ్వినవెల్ల నేడు మన ఇంట నవ్వనక్కఱలేదు. ఆ దృశ్యమును కత్తిరింపవలసిన పనిలేదు. అచట చిత్రము నాపి, ఆయా పోలీసునకు వ్రాసియిచ్చు ఫిర్యాదును తెలుగున వ్రాయింపుడు. పేరు, స్థలము, జరిగిన క్రమము, సాక్షులు, తాను తిరిగి కొట్టిన సంగతిని చెప్పవలెనా వలదా యను విచారము, ఇవన్నియు అందు రావలెను. లేఖారచన పాఠమునకు ఇంతకంటె ప్రాణముగల విషయము లేదు. ఆచార్యుడు తన టోపీ వెలను కోరుచు వ్రాయు లేఖ పెద్దపిల్లలకు. అందు అతని బిరుదులన్నియు రావలెను. తెలుగు బిరుదులు కల్పింపవలెను.

జాతీయగీతము మ్రోగునపుడు గొడ్డలి ఆగు దృశ్యమును గూర్చి పిల్లలు తప్పక అడుగుదురు: అతడు మంచివాడా, చెడ్డవాడా? ఉత్తరము చెప్పకుడు. ఒక్కొక్కరిచే కారణముతో చెప్పింపుడు. ‘ఏలయనగా’ అను మాట వాక్యమున వచ్చునట్లు చూచిన చాలును.

వ్రాసిన కాగితములను తెలుగు తరగతికి పంపవలెనని తల్లిదండ్రులను కోరుచున్నాము. తెలుగులిపిలో, బిడ్డ చేతివ్రాతలో నుండవలెను. పంక్తి మూడైనను చాలును. మీరు దిద్ది పంపకుడు. ఇంటి పెద్దలు చెప్పిన క్రొత్తమాట ఏదైన దొరకినచో దానిక్రింద గీత గీసి, ఎవరు చెప్పిరో, వారి పెద్దలు ఏ ప్రాంతమునుండి వచ్చిరో వ్రాయుడు. ఏమి వ్రాయవలెనో తోచని పిల్లలకు ఒక సూచన: ఈ కథనంతయు మొదటినుండి చూచినది, ఎవరును ఏమియు అడుగనిది ఒకటి మెట్లక్రింద నిలిచియున్నది. దాని పేరు చిత్రమున సూసీ. ఆ గుఱ్ఱము సాయంకాలము లాయమునకు పోయి తోడి గుఱ్ఱముతో ఏమని చెప్పియుండును?